మూడు వందల అడుగుల కౌగిలి

జనవరి 9, సోమవారం

ఈ నోటుపుస్తకం పారిష్ రికార్డులో భాగం కాదని, చర్చి వ్యవహారాలు చూసే వార్డెన్ హోదాలో నేను రాసే ఏ పత్రానికీ ఇది అనుబంధం కాదని, దీన్ని చదివే అధికారం నాకు తప్ప ఎవరికీ లేదని ముందుగా నమోదు చేయడమైనది.

బిషప్ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. హెంబరో గ్రామమూ దాని పొలాలూ కలిసిన మా పారిష్‌లోని సెయింట్ మిల్బర్గా చర్చికి ఆదివారం సగటున ఏడుగురు వస్తున్నారు గనుక దాన్ని మూసివేయాలని ప్రతిపాదిస్తున్నారు. సంఖ్య తప్పు. ఎనిమిది. నా తోటి వార్డెన్ డల్సీ గ్విల్ట్ గారి కుక్కను వాళ్ళు లెక్కించలేదు. మిగతా ఏడుగురిలో నలుగురికన్నా అది శ్రద్ధగా వింటుంది.

ఉత్తరానికి ఒక రంగుల బొమ్మ జతపరిచారు. మూసివేసిన తరువాత భవనం ఎలా ఉండవచ్చునో తెలిపే 'కేవలం ఊహాచిత్రం' అట. మూడు పడకగదుల ఇల్లు. బలిపీఠం ఉన్నచోట వంటగట్టు. పొయ్యి తూర్పు ముఖంగా ఉంది. ఆ మేరకు సంప్రదాయాన్ని పాటించినందుకు వారిని అభినందించవలసిందే.

ఇరవై ఎనిమిదేళ్ళు కౌంటీ మురుగుకాల్వల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాణ్ణి. ఇంతకన్నా దుర్వాసన గల పత్రాలు చూశాను. ఎక్కువ కాదు.

జనవరి 10, మంగళవారం

జవాబు రాయలేదు. కోపంలో ఉత్తరాలు రాయరాదని నాకు నేనే ఒక మెమో జారీ చేసుకున్నాను.

జనవరి 11, బుధవారం

రాశాను. నాలుగు పేజీలు.

మొదటి పేజీలో చర్చి చరిత్ర. రెండో పేజీలో దాని నిర్మాణం. మూడో పేజీలో వారి ఉత్తరంలోని తొమ్మిది తప్పులు. నాలుగో పేజీ చివర, ఊపు మీద ఉన్నాను గనుక, ఈ వాక్యం: 'ఈ పారిష్ ప్రజలు ఏటా అట్ల మంగళవారం నాడు, శ్రమల దినాలు మొదలయ్యే ముందు రోజున, చేతులు కలిపి తమ చర్చిని నాలుగు వైపులా పూర్తిగా కౌగిలించుకుంటారు, ఈ ఆచారం ఒక్క ఏడు కూడా తప్పలేదు.'

'పూర్తిగా' అన్న మాట రాయవలసిన అవసరం లేదు. పోస్టు పెట్టె నోట్లో చేయి పెట్టి తీసే ప్రయత్నం చేశాను. పెట్టె నోరు చిన్నది.

జనవరి 19, గురువారం

ఆర్చ్‌డీకన్ ఫెన్విక్ గారు స్వయంగా విచ్చేశారు. బిషప్ తరఫున చర్చిలను తెరవడమూ మూయడమూ చూసే అధికారి. ఆయన తెరిచినట్లు రికార్డులో ఎక్కడా లేదు. మనిషి పొడుగు, బూట్లు శుభ్రం. గోపురం కింది గదిలో సమావేశం. హాజరైనవారు: ఆయన, నేను, డల్సీ గారు, కుక్క. మా ఊళ్ళోనే ఉంటూ ఏడు పారిష్‌లు చూసుకునే మా పాస్టరమ్మ టామ్సిన్ గారు ఆరో పారిష్‌లో చిక్కుకుపోయారు.

"మిస్టర్ పార్డో, మీ ఉత్తరం చదివి నిజంగా కదిలిపోయాను" అన్నారు ఆర్చ్‌డీకన్ గారు.

"ఏ పేజీకండీ?"

"చివరిది. ఆ కౌగిలి. చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి."

"చెమర్చిన కళ్ళతోనేనా మూసేది?" అంది డల్సీ గారు, కుక్క తల నిమురుతూ. ఆమెకు డెబ్భై రెండేళ్ళు, రెండు వందల గొర్రెలు, అరిగిపోయిన తుంటి ఎముక. ఎవరితోనైనా గొర్రెలతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

ఆయన నవ్వారు. "చూడండమ్మా, తన చర్చి చుట్టూ చేతులు కలిపి నిలబడగలిగే పారిష్‌ను మూసేంత రాతి గుండె కాదు మాది. ఆ మంగళవారం నేనే వస్తా. వలయం పూర్తయిందా, ఆ కాగితం నా చేతులతో నేనే వెనక్కి తీసుకుంటా. కాలేదా, మరి మీరే ఒప్పుకోవాలి."

"దీన్ని మినిట్స్‌లో రాయమంటారా?" అని అడిగాను.

"రాసుకోండి, రాసుకోండి."

రాశాను. ఆయన సంతకం కూడా తీసుకున్నాను. పెన్ను నాదే. వెళ్ళబోతూ ఆయన, "చుట్టూ ఒకసారి నడిచి చూస్తా ఆ రోజు. ఉత్తరం వైపు నేనెప్పుడూ వెళ్ళనే లేదు" అన్నారు.

డల్సీ గారి టీకప్పు నోటి దగ్గరే ఆగిపోయింది.

జనవరి 20, శుక్రవారం

ఉత్తరం వైపు తాడు ఉంటుంది.

ఇది రహస్యం కాదు. ఎవరూ ప్రస్తావించని విషయం, అంతే. పదకొండేళ్ళ క్రితం పాడి రైతులు రెండు కుటుంబాలు ఊరు విడిచాక మనుషులు చాలలేదు. అప్పటి నుంచి గోపురంలోని మూడో గంట తాడూ ఐదో గంట తాడూ విప్పి, ముడివేసి, ఉత్తరం వైపు గోడ వెంట పట్టుకుంటున్నాం. ఆ వైపు ముళ్ళపొదలు, దురదగొండి ఆకులు. పాటలు పాడేదీ అట్లు తినేదీ దక్షిణం వైపు. అక్కడికెవరూ రారు. పోయిన ఏడు తాడు పొడవు నూట పదిహేను అడుగులు. ఒక కొస నేను, ఇంకో కొస డల్సీ గారు.

తాడు కొరత కాదు. పొడిగింపు. గంటలు పారిష్‌వి, తాళ్ళు గంటలవి, కాబట్టి తాడు పారిష్ చేయి కిందే లెక్క. ఈ వాదనలో లోపం లేదని రెండుసార్లు సరిచూశాను.

జనవరి 22, ఆదివారం

ప్రార్థన తరువాత డల్సీ గారితో సంప్రదింపులు.

"దిష్టిబొమ్మలు పెడదాం అబ్బాయ్. పాత కోట్లు తొడిగి, టోపీలు పెట్టి. వానలో దూరం నుంచి చూస్తే మా గొర్రెలకే తేడా తెలీదు, ఇంక ఈయనకేం తెలుస్తుంది?"

"ఆయన దగ్గరగా నడుస్తానన్నారండీ."

"దగ్గరగా వస్తే పలకరిస్తాడు. బదులు చెప్పకపోతే మన ఊరి పద్ధతే అది అనుకుంటాడు."

ఈ సూచనను తిరస్కరించాను. ఇంటికి వచ్చి, కేవలం పూర్తి వివరాల కోసం, దిష్టిబొమ్మలు ఎన్ని కావాలో లెక్కవేశాను. ఇరవై మూడు.

జనవరి 25, బుధవారం

కొలత టేపు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగాను. ఊతగోడల మలుపులతో సహా బయటి చుట్టుకొలత మూడు వందల అడుగులు. చేతులు చాచిన మనిషికి సగటున ఐదు అడుగులు. అరవై మంది కావాలి.

కట్టినవాళ్ళ మీద నా అభిప్రాయాన్ని ఇక్కడ నమోదు చేయవలసి ఉంది.

మొదట కట్టినవాళ్ళు వివేకవంతులు. తొమ్మిది వందల ఏళ్ళ నాటి హాలు. మందపు గోడలు, చిన్న కిటికీలు, చుట్టూ చేతులు కలపడానికి పాతిక మందికి మించి అక్కర్లేని కొలత. తరువాతివాళ్ళకు ఆశ పెరిగింది. ఉత్తరం వైపు మూడు కమానులు తెరిచి పక్కహాలు కలిపారు. అరవై ఏళ్ళు తిరక్కుండానే మహమ్మారి వచ్చి ఊరిలో సగం మందిని తీసుకుపోయింది. మిగిలినవాళ్ళు ఆ పక్కహాలును విప్పేసి, కమానులను రాళ్ళతో పూడ్చి, గోడను మళ్ళీ వెనక్కి తెచ్చుకున్నారు. ఆ మూడు కమానుల గీతలు గోడలో ఇప్పటికీ కనిపిస్తాయి. తక్కువ మందిమైనా మా హాలు మాకుందని వాళ్ళు ఎవరికీ నాలుగు పేజీలు రాయలేదు. రాళ్ళు మోశారు.

ఆ తరువాత 1470లలో ఒక ఉన్ని వ్యాపారి. తన గొర్రెలు ఎంత లావో దేవుడికి తెలియదనుకున్నాడో ఏమో, పడమర వైపు గంటల గోపురం లేపి, దానికి నాలుగు మూలలా ఊతగోడలు అతికించాడు. ఆ మనిషి గర్వం వల్ల నాకు నేడు పద్నాలుగు మంది తక్కువ. అతని సమాధిరాయి మీద నా బూటు మట్టి పడింది. తుడవలేదు.

జనవరి 29, ఆదివారం

ఎవరు చేయి కలపవచ్చు అన్నదానికి 1731 నాటి పారిష్ పుస్తకంలో నియమం ఉంది: ముందురాత్రి ఈ పారిష్ హద్దుల లోపల పడుకున్నవారెవరైనా. విశ్వాసం గురించి అందులో ఒక్క మాట లేదు. ఈ నియమం రాసినవాడు నాకు నచ్చాడు. నా విశ్వాసం ఎంత అన్న అంశం కూడా ఎజెండాలో లేదు.

హద్దుల లోపల పడుకునేవారు నలభై ఆరుగురు. మంచం పట్టినవారిని, చంకలో పాపలను మినహాయిస్తే ముప్పై తొమ్మిది. మెడ్లికాట్ కుటుంబం ఆరుగురిని చేర్చలేదు. వాళ్ళు మెథడిస్టులు, వేరే శాఖవాళ్ళు, వాళ్ళను చేర్చే అలవాటు 1822 నుంచి లేదు.

ఈ ఊళ్ళో నా చేయి ఎవరైనా పట్టుకునేది ఏడాదికి ఒక్కసారి. దానిలోనూ పదకొండేళ్ళుగా ఒక చేతికి తాడే. ఈ విషయానికీ మూసివేత ప్రతిపాదనకూ సంబంధం లేదని నమోదు చేయడమైనది.

ఫిబ్రవరి 2, గురువారం

ఈనక్ మెడ్లికాట్ ఇంటికి వెళ్ళాను. ఎనభై ఏళ్ళ మనిషి. గేటు తీయలేదు, గేటుకు ఆ పక్క తనూ, ఈ పక్క నేనూ.

"వార్డెన్ గారు. దారి తప్పారా?"

"లేదండీ. మీ సహాయం కావాలి."

"అదేదో దారి తప్పడం కన్నా పెద్ద సంగతే." పైపు నోట్లోంచి తీశాడు. "మా ముత్తాత తండ్రి కూర్చునే బెంచీని మీవాళ్ళు కొత్తగా వచ్చిన లాయరుకిచ్చారు. ఎనిమిది మంది పిల్లలతో ఆయన గోపురం కింద నిలబడి ప్రసంగం విన్నాడు. మూడు వారాలు. నాలుగో వారం మేం ప్రార్థనామందిరం కట్టుకున్నాం."

"తెలుసండీ."

"తెలుసని రాశారా ఎక్కడైనా?"

నా సంచిలో మినిట్స్ పుస్తకం ఉంది. గేటు కమ్మీ మీద పెట్టి రాసి, చదివి వినిపించాను. '1822లో మెడ్లికాట్ కుటుంబపు బెంచీ విషయంలో జరిగినదానికి ఈ పారిష్ విచారం వ్యక్తం చేస్తోంది.'

"విచారం వానొస్తే కూడా పడతారు. తప్పు చేశాం అని రాయి."

కొట్టేసి, రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, వేలితో అక్షరాల వెంట వెళుతూ. తరువాత గేటు తీశాడు.

"ఆరుగురం వస్తాం. పాట మాత్రం మాకు నచ్చితేనే పాడతాం."

నలభై ఐదు.

ఫిబ్రవరి 6, సోమవారం

పదిహేను మంది తక్కువ.

ఫిబ్రవరి 7, మంగళవారం

పదిహేను.

ఫిబ్రవరి 8, బుధవారం

దిష్టిబొమ్మల అంశాన్ని తిరిగి పరిశీలించలేదు.

పరిశీలించాను. పదిహేను సరిపోతాయి. నా పాత రెయిన్‌కోటు ఒకదానికి చక్కగా అమరింది. దాన్ని వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి టీ తాగాను. బదులు చెప్పకపోవడంలో అది ఈ ఊరివాడికి తీసిపోలేదు. అయినా విప్పేశాను. ఆర్చ్‌డీకన్ గారికి దొరికిపోతామని కాదు. ఈనక్ మెడ్లికాట్ పక్కన దాన్ని నిలబెట్టి, ఇదీ మన పారిష్ అని ఆయనకు చెప్పలేను.

ఫిబ్రవరి 13, సోమవారం

మూడు రోజులుగా వాన. బలిపీఠం ఉన్న తూర్పు గదిలో పైకప్పు కారుతోంది. బక్కెట్టు పెడుతుండగా డల్సీ గారు వచ్చింది.

"ఏం చేస్తున్నావ్?"

"కారుతోందండీ."

"కారనీ. అది మనది కాదు."

"మనది కాకపోవడమేంటండీ?"

"మా నాన్న వార్డెనుగా ఉన్నప్పుడు ఈ గది కప్పు మీద ఒక్క పలక వేయనివ్వలేదు. జనం కూర్చునే హాలూ గోపురమూ జనానివి. బలిపీఠం గది రెక్టరుది, అంటే పూర్వం ఇక్కడి పెద్ద పాస్టరుది. కట్టిందీ వాళ్ళే, బాగుచేయాల్సిందీ వాళ్ళే. రెక్టరు హక్కులన్నీ ఎప్పుడో బిషప్ ఆఫీసుకు పోయాయి. ఏటా ఉత్తరం రాసేవాడు నాన్న. వాళ్ళు ఏటా, పరిశీలిస్తున్నాం అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు పరిశీలించారు. ఈలోగా ఆయనే పోయాడు."

నేను బక్కెట్టు కింద పెట్టాను. బయటికి వెళ్ళి, వానలో నిలబడి చూశాను. పందొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్న గోడే. హాలు గోడ గోధుమరంగు రాయి, వరసలు ఎగుడుదిగుడు. బలిపీఠం గది గోడ బూడిదరంగు రాయి, తీరుగా చెక్కినది. రెండింటి మధ్య నేల నుంచి చూరు దాకా కత్తితో గీసినట్టు ఒక నిలువు అతుకు. ఒక్క రాయి కూడా ఆ గీత దాటి అవతలి గోడలోకి వెళ్ళలేదు. ఇద్దరు యజమానులు, ఇద్దరు మేస్త్రీలు.

మూడు తాళాల పెట్టె తెరిచి పుస్తకాలు తీశాను. 1684లో ఒక వార్డెన్ దయతలచి బలిపీఠం గదికి సున్నం వేయించినందుకు పారిష్ అతన్ని మందలించింది. 'ఆ గది రెక్టరుది. మనం దాని భారం మోయము, మోసినట్టు కనిపించము.' ఐదుగురి సంతకాలు, మూడు నిశానీ గుర్తులు.

ఆ గది చుట్టూ, ఊతగోడలతో కలిపి, సరిగ్గా నూరడుగులు.

ఫిబ్రవరి 14, మంగళవారం

మూడు వందల్లోంచి నూరు తీసివేసి, హాలుకూ బలిపీఠం గదికీ నడుమ అడ్డంగా నిలబడేవారి కోసం ఇరవై కలపాలి. రెండు వందల ఇరవై. నలభై నాలుగు మంది. మాకు నలభై ఐదుగురు ఉన్నారు.

ఈ లెక్కను పదకొండుసార్లు చేశాను. ప్రతిసారీ అదే వస్తోంది. గణితం మీద నాకున్న విశ్వాసం ఎజెండాలో ఉంది.

ఫిబ్రవరి 16, గురువారం

సమస్య: బయట ఉన్నవాళ్ళూ లోపల అడ్డంగా నిలబడినవాళ్ళూ చేయి చేయి కలపాలంటే మధ్యలో గోడ ఉంది. మూడు అడుగుల మందం.

దక్షిణం వైపు, అతుకు పక్కనే, మోకాలి ఎత్తులో ఒక చిన్న కిటికీ ఉంది. అద్దం లేదు, ఇనుప తలుపు. పూర్వం పూజ జరుగుతుండగా లోపలి నుంచి చిన్న గంట కొట్టి, పొలంలో ఉన్నవాళ్ళకు వినిపించేవారట. బందులకు నూనె పోశాను. తెరుచుకుంది. ఒకరు కూర్చుంటే చేయి పడుతుంది.

ఉత్తరం వైపు అంత సులువు కాదు. అక్కడ అతుకు పక్కన, హాలు గోడకు ఆనించి ఒకప్పుడు చిన్న గది ఉండేది. ఒక భక్తురాలు తనను అందులో ఉంచి గోడ కట్టించుకుని, బలిపీఠం కనిపించే ఒక కన్నం గుండా లోకాన్ని చూస్తూ ముప్పై ఏళ్ళు బతికింది. గది పోయింది. కన్నం ఉంది, కానీ మూసి ఉంది. చర్చిలో ఒక్క రాయి కదిలించాలన్నా బిషప్ కోర్టు అనుమతి కావాలి. పద్దెనిమిది నెలలు. మాకు పన్నెండు రోజులున్నాయి.

డల్సీ గారికి చెప్పాను. ఆమె చేతికర్రతో ఆ మూసిన చోట పొడిచింది. మెత్తగా ఉంది.

"రాయి కాదిది. గోనెసంచి. నాకు పదేళ్ళప్పుడు గాలి కొడుతోందని నాన్న కుక్కాడు, పైన సున్నం పూశాడు."

"గోనెసంచి తీయడానికి అనుమతి కావాలా అన్నది పరిశీలించాలండీ."

"పరిశీలిస్తూ ఉండు" అని ఆమె లాగేసింది.

చరిత్రాత్మక కట్టడాన్ని శుభ్రపరచడం జరిగిందని మినిట్స్‌లో రాశాను.

ఫిబ్రవరి 21, మంగళవారం

తుంటి ఆపరేషనుకు డల్సీ గారికి ఇరవై ఎనిమిదో తేదీ ఇచ్చారు. అదే మంగళవారం. ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ రోజు తాను ఒక భవనాన్ని పట్టుకుని నిలబడాల్సి ఉందని చెప్పింది. వాళ్ళు మరోసారి అడిగారట. ఆమె మరోసారి చెప్పింది. మార్చి ఇరవైకి మార్చారు.

నేను వద్దని చెప్పవలసింది. చెప్పలేదు.

ఫిబ్రవరి 28, అట్ల మంగళవారం

ఈనక్ మనవడు జ్వరంతో పడకేశాడు. నలభై నాలుగు. ఒక్కరు కూడా ఎక్కువ లేరు.

సన్నగా వాన. పదకొండు గంటలకు అందరూ తమ తమ చోట్లకు వెళ్ళారు. నా స్థానం లోపల, అడ్డవరస నలుగురిలో ఉత్తరపు చివర. ఎడమచేయి పాస్టరమ్మ టామ్సిన్ గారి చేతిలో. కుడిచేయి భుజం దాకా గోడ కన్నంలో పెట్టాను. లోపల చల్లగా, గరుకుగా ఉంది. అవతల బయట, ముక్కాలిపీట మీద డల్సీ గారు. కాసేపు రాళ్ళు తప్ప ఏమీ తగల్లేదు. తరువాత వేళ్ళు తగిలాయి. చేతితొడుగు తీసేసింది.

"దొరికావా అబ్బాయ్" అంది గోడలోంచి.

"దొరికానండీ."

నాకు కనిపించేది ఒక్క గోడ. జరిగినది జరిగినట్టు ఆమె కన్నంలోంచి చెబుతూ వచ్చింది.

"వచ్చాడు. గొడుగు పట్టుకున్నాడు. వాకిటి వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడు. గోపురం దాటాడు. పొదల్లోకి దిగాడు. దురదగొండి తగిలింది. చూడలేదు, ఏదో కుట్టిందనుకుంటున్నాడు. ఈనక్ దగ్గర ఆగాడు."

తరువాత ఆయన గొంతే వినిపించింది. "ఇదేమిటి, వలయం ఇక్కడితో ఆగిపోయిందే. తూర్పు వైపంతా ఎవరూ లేరు."

"ఉండాల్సింది మీరండీ" అన్నాడు ఈనక్.

"అంటే?"

"ఆ గది మీ ఆఫీసుది. మాది కానిదాన్ని పట్టుకోవడం మాకు అలవాటు లేదు. మావాళ్ళకు బెంచీ దగ్గరే తెలిసొచ్చింది."

"మరి ఈవిడ చేయి గోడలో ఎందుకు పెట్టింది?"

"అవతల మనిషున్నాడు" అంది డల్సీ గారు. "లోపలికెళ్ళి చూసుకో నాయనా."

లోపలికి రావాలంటే వాకిలి ముందు కలిపిన చేతుల కింది నుంచి దూరాలి. ఎవరూ చేయి వదలలేదు. దూరారు. గొడుగు మూయకుండా దూరబోయి మూశారు. హాలు మధ్యలో నడిచి వచ్చి మా నలుగురి ఎదుట నిలబడ్డారు. బూట్లకు బురద.

"మిస్టర్ పార్డో, దీన్నేమంటారు?"

"మినిట్స్ ప్రకారం వలయమంటారండీ. చేయి ఖాళీ లేదు, నా కోటు ఎడమ జేబులో ప్రతి ఉంది. 1684 నాటి తీర్మానమూ, తమ కార్యాలయం ముప్పై ఏళ్ళు రాసిన జవాబులూ దానికి జతపరిచాను. తీసుకోండి."

ఆయన నా జేబులోంచి తీసుకుని, నిలబడే చదివారు. చాలాసేపు. తూర్పు గదిలో బక్కెట్టులో చుక్కలు పడుతున్నాయి.

"ఇది కుతర్కం."

"కావచ్చండీ. అయితే ఆ గది మాదని ఇప్పుడే రాసివ్వండి. రేపే పలకలు మారుస్తాం. మీదైతే, కప్పు వేయించండి. రెండూ కాకుండా మూసేస్తామంటే మాత్రం ఈ నలభై నాలుగు మందీ చేతులు తీయరు."

ఆ చివరి వాక్యం ఎజెండాలో లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. గోడలో నా వేళ్ళను ఎవరో గట్టిగా నొక్కారు.

ఆయన బలిపీఠం వైపు వెళ్ళి చూడాలనుకున్నారు. మేం అడ్డంగా ఉన్నాం.

"కాస్త దారిస్తారా?"

"తెగుతుందండీ" అన్నారు పాస్టరమ్మ, చాలా మర్యాదగా. ఏడు పారిష్‌ల అలసట ఆమె గొంతులో ఏమీ లేదు.

ఆయన మా తలల మీదుగా ఆ బక్కెట్టును చూశారు. తరువాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నా జేబులో కాదు, తన జేబులో పెట్టుకున్నారు. వెళ్ళడానికి మళ్ళీ చేతుల కింది నుంచే దూరవలసి వచ్చింది. ఆ వయసులో అది సులువు కాదు. కిందపడిన టోపీ ఎవరో అందించారట.

పాస్టరమ్మ పాట ఎత్తుకున్నారు. మెడ్లికాట్లు పాడారు. గోడకు అవతల ఈనక్ బొంగురు గొంతు అందరికన్నా ముందు పరిగెత్తింది.

అట్లు దక్షిణం వైపు వేశారు. నిమ్మరసం, చక్కెర చల్లి. ఆర్చ్‌డీకన్ గారు మూడు తిన్నారని తెలిసింది. నేను వెళ్ళేసరికి అయిపోయాయి. గోడలోంచి చేయి తీయడం ఆలస్యమైంది. కన్నం ఇరుకు. అవతలి నుంచీ ఎవరూ తొందరపడలేదు.

మార్చి 1, భస్మ బుధవారం

భుజం నొప్పి. ఫిర్యాదు లేదు.

మార్చి 9, గురువారం

బిషప్ కార్యాలయం ఉత్తరం. మూసివేత ప్రతిపాదనను 'ప్రస్తుతానికి' ఉపసంహరించుకున్నారు. వలయానికి చట్టంలో ఎలాంటి గుర్తింపూ లేదని గుర్తుచేశారు. బలిపీఠం గది ఎవరిదన్న ప్రశ్నను న్యాయసలహాదారులకు పంపారు, పరిశీలిస్తున్నారు.

వెంటనే జవాబు రాశాను. ఒకటే వాక్యం. 'మీ కప్పు కారుతోంది.'

మార్చి 12, ఆదివారం

హాజరు: పదకొండు మంది, కుక్క. ఈనక్ గోపురం కింద నిలబడ్డాడు. బెంచీ చూపించాను. వచ్చే వారం ఆలోచిస్తానన్నాడు.

అందరూ వెళ్ళాక డల్సీ గారు వెనక వరసలో కూర్చుండిపోయింది.

"అబ్బాయ్, వచ్చే ఏడు నలభై మందిమే ఉంటే?"

"గోపురం వదిలేద్దామండీ. 1470కి ముందు అది లేదు. ముప్పై మంది చాలు."

"ముప్పైకి కూడా తగ్గితే?"

"వాకిటి మండపం వదిలేద్దాం. తరువాత ఊతగోడలు. తొమ్మిది వందల ఏళ్ళు కట్టుకుంటూ వచ్చారు కదా, మనం ఒక్కో అడుగే వెనక్కి వేద్దాం. ఖాళీ చేయమని చెప్పేవాళ్ళకు చాలా కాలం పడుతుంది."

"ఇరవైన నన్ను కోస్తారు. ఈ వయసులో కొందరు లేవరు."

నేను లేచాను. నా దగ్గర టేపు ఉంది. తలుపు పక్కన బాప్తిస్మపు తొట్టి ఉంది. ఈ చర్చిలో అన్నిటికన్నా పాతది అదే. దాని చుట్టూనే హాలు కట్టారని కొందరంటారు. గుండ్రటి రాయి. చుట్టూ కొలిచాను. తొమ్మిది అడుగులు.

"ఎంత?"

"ఇద్దరు చాలండీ."

ఆమె నమ్మలేదు. కర్ర బెంచీకి ఆనించి, లేచి వచ్చింది. సరిచూశాం. సరిపోయింది.